తెర మీద చెల్లి గొంతు

లాన్స్ బ్లాంష్, గాస్పే తీరం
1964 సెప్టెంబరు 9

నోయెలా,

ఊళ్ళోకి వచ్చావే తల్లీ! మనిషివి రాలేదు, క్యాటలాగ్‌లో వచ్చావు. పోస్టాఫీసులో చలికాలం బట్టల క్యాటలాగుల కట్ట విప్పారో లేదో, బెర్తా ఒకటి చంకలో పెట్టుకుని చేపల ఫ్యాక్టరీకి పరుగెత్తుకొచ్చింది. ముల్లు తీసే బల్ల దగ్గర ఆవిడది నా పక్క చోటే కదా, చేతిలో కత్తి ఆడినంతసేపూ నోరూ ఆడుతూనే ఉంటుంది. "లియొంతీన్! మీ చెల్లి నలభై మూడో పేజీలో ఉందే, బూడిదరంగు కోటులో! దొరసానిలా ఉంది!" అని ఒకటే అరుపు. మేస్త్రీ వచ్చి తిడదామనుకుని, తనూ ఆగి చూశాడు.

నాకు సంతోషంగానే ఉంది. కానీ ఆ జుట్టెవరే అంత పొట్టిగా కోసింది? అమ్మ పోయినప్పుడు నీకు పదేళ్ళు. అప్పట్నించీ నువ్వు మాంట్రియల్ బస్సెక్కేదాకా పదేళ్ళు రోజూ నేను దువ్విన జుట్టు అది. నన్నొక్క మాట అడగాలనిపించలేదా?

ఇంకొకటి. అరవై ఒకటో పేజీలో లోపలి లంగాతో నిలబడి ఉన్నది కూడా నువ్వే కదూ? మొహం పక్కకి తిప్పితే గుర్తుపట్టననుకున్నావా? ఆదివారం ప్రసంగంలో ఫాదర్ ఎవరి పేరూ ఎత్తలేదు, "కొన్ని పేజీలు" అన్నాడంతే. జనమంతా ఇళ్ళకెళ్ళి ఆ పేజీల కోసమే వెతుక్కున్నారు.

చలి మొదలైంది. నీ దగ్గర వెచ్చటి మేజోళ్ళున్నాయా?

అక్క
లియొంతీన్


మాంట్రియల్
1964 సెప్టెంబరు 21

అక్కా,

ముందు జుట్టు సంగతి. మోడళ్ళ ఏజెన్సీ మేడమ్ కత్తిరించేయమంది. నేను ఏడ్చాను. నిన్ను అడిగితే వద్దంటావని అడగలేదు. లంగా సంగతి కూడా అంతే.

ఆ బూడిదరంగు కోటు ఫోటో తీసింది జులైలో, మండుటెండలో. మెడదాకా ఉన్ని, పైన దీపాల వేడి. చెమట మరకలు పడకుండా చంకల్లో తువ్వాళ్ళు కుక్కారు. ఒక అమ్మాయి కళ్ళు తిరిగి పడిపోతే, ఆమె కోటు విప్పి నాకు తొడిగారు. నలభై మూడో పేజీ నాకు దక్కింది అలాగే.

మేడమ్ నాకు కొత్త పేరు కూడా పెట్టింది. నోయెలా రెయెల్ అంటే పల్లెటూరిదానిలా ఉందట. ఇప్పుడు నేను నెల్లీ రే. వినగానే నాకే నవ్వొచ్చింది. ఇంకోటి చెప్పింది, అది మాత్రం నవ్వు రాలేదు: "నువ్వు నోరు మూసుకుని ఉన్నంతసేపూ అందగత్తెవి. నోరు తెరిస్తే చేపల వాసనొస్తుంది." మన యాస గురించి అక్కా. అప్పట్నించి పనిలో నేను తలాడించడమే తప్ప మాట్లాడను.

మేజోళ్ళున్నాయి. బెర్తాకి ముద్దులు. ఫాదర్‌కి మాత్రం వద్దులే.

నీ
నోయెలా


మాంట్రియల్
1966 మార్చి 14

అక్కా, కూర్చుని చదువు.

నన్ను సినిమాలోకి తీసుకున్నారు! గోతియే అని ఇక్కడి దర్శకుడు. సబ్బు ప్రకటన కోసం నేను చెయ్యి కడుక్కుంటుంటే చూశాడట. "ఇవి పని చేసిన చేతులు" అన్నాడు. సగం పెట్టుబడి ప్యారిస్ వాళ్ళది. వేషం ఏమిటో తెలుసా? జాలరి భార్య. భర్త సముద్రంలో పోతాడు. చిన్న వేషం కాదు, సినిమా అంతా నేనే.

గోతియే నా యాస విని నవ్వలేదు. అలాగే మాట్లాడమన్నాడు. "పల్లెలో పుట్టిన మనిషి పల్లె మాటే మాట్లాడాలి" అన్నాడు. నాలుగేళ్ళ తర్వాత మొదటిసారి పనిలో నోరు తెరిచాను.

ఒక్క చోటే తడబడుతున్నాను. పడవ ఖాళీగా ఒడ్డుకి చేరిన సన్నివేశం. రాసిన మాటలు నాకు అబద్ధంలా ఉన్నాయి. నాన్న పోయినప్పుడు నాకు ఏడాది నిండలేదు. ఆ రోజు అమ్మ ఏం చేసింది? ఏమంది? ఎన్నోసార్లు అడిగాను, నువ్వు మాట మార్చేసేదానివి. ఈసారి మార్చకు.

నీ
నోయెలా


లాన్స్ బ్లాంష్
1966 ఏప్రిల్ 3

నోయెలా,

మూడు వారాలు ఆలోచించాను. చెబుతాను. మళ్ళీ అడగకు.

ఆగస్టు నెల. రెండు రోజులు గాలివాన. మూడో రోజు పొద్దున్నే పడవని లాక్కొచ్చారు. అందులో వలలున్నాయి, రొట్టె సంచి ఉంది, నాన్న లేడు. నేను నిన్ను చంకనేసుకుని అమ్మ వెనకాల నిలబడ్డాను. నాకప్పుడు పదిహేను. అమ్మ ఏడుస్తుందని అందరూ చుట్టూ మూగారు. అమ్మ ఏడవలేదు. నీళ్ళలోకి మోకాళ్ళదాకా వెళ్ళి, సముద్రం వైపు చెయ్యి చూపించి తిట్టింది. "ఆ బూట్లు నడుముకి బిగించి కట్టొద్దని చెప్పానా లేదా? ఎన్నిసార్లు చెప్పానయ్యా నీకు? వింటే కదా!" అని. తొడలదాకా వచ్చే బూట్లు అవి, నీళ్ళు నిండితే విప్పుకోవడానికి ఉండదు. బంగాళాదుంపలు మాడ్చినందుకు నన్ను తిట్టినట్టే తిట్టింది. ఆ తర్వాత వెనక్కి తిరిగి, వలలు ఎండలో వేయమని మగవాళ్ళకి చెప్పింది, తడిగా ఉంటే కుళ్ళిపోతాయని.

అమ్మది రాతిగుండె అని ఊరంతా అనుకుంది. కాదు. ఆయన ఇంకా వింటున్నాడనుకుంటేనే తిట్టగలిగింది.

ఇది నీకోసం రాశాను, అర్థమైందా.

అక్క


లాన్స్ బ్లాంష్
1967 నవంబరు 20

నోయెలా,

నిన్న చర్చి హాల్లో నీ సినిమా వేశారు. ఫ్యాక్టరీ వాళ్ళందరూ వచ్చారు. నాకు ముందు వరసలో కుర్చీ ఇచ్చారు.

బాగా ఎదిగావు. గొంతు కూడా మార్చేసుకున్నావు. ఊళ్ళో ఒక్కరు కూడా అలా మాట్లాడరు, మాంట్రియల్లో కూడా మాట్లాడరనుకుంటాను. అమ్మ మాటలు కూడా ఉన్నాయి. అమ్మ తిట్టింది. నువ్వు ప్రార్థన చేశావు, గుడిలో కొవ్వొత్తి పట్టుకున్న రాణిలాగా.

బెర్తా ఇంటిదాకా నాతో నడిచింది. ఒక్క మాట మాట్లాడలేదు. బెర్తా!

అంతే. ఆరోగ్యం జాగ్రత్త.

లియొంతీన్


మాంట్రియల్
1967 డిసెంబరు 2

అక్కా,

నీ ఉత్తరం కోసం ఏడాదిగా భయపడుతున్నాను. నువ్వు విని ఉంటావని తెలుసు. నన్ను క్షమించు. నా చేతుల్లో లేదు. వాళ్ళు తీసేసుకున్నారు. నేను సంతకం పెట్టాను, దాని గురించి మాట్లాడకూడదని కూడా రాయించుకున్నారు. గోతియే ఒక రోజంతా పోట్లాడాడు, ఓడిపోయాడు. సినిమా చూసేటప్పుడు నేను సగంలో బయటికొచ్చేశాను.

నీకు నచ్చే కోటు ఒకటి పంపుతున్నాను. పాతది ఇంకా వేసుకుంటున్నావని బెర్తా కార్డులో రాసింది.

సిగ్గుగా ఉంది అక్కా. ఇంతకన్నా రాయలేను.

నోయెలా


లాన్స్ బ్లాంష్
1968 ఫిబ్రవరి 11

నోయెలా,

కోటు తిప్పి పంపుతున్నాను. నా పాతదానికి కొత్త గుండీలు కుట్టుకున్నాను.

నేను నీకు చెవిలో చెప్పినట్టు రాసిన సంగతి, సంతకం పెట్టి వాళ్ళకిచ్చానని నువ్వే ఒప్పుకున్నావు. పోనీ అనుకున్నాను. చిన్నపిల్లవి, ఎవరో మాయ చేశారనుకున్నాను. ఈలోగా సినిమా పత్రిక వచ్చింది. అందులో నీ బొమ్మ, కింద నువ్వు చెప్పిన మాట: "ఆరు నెలల్లో తీరప్రాంతపు యాసని పూర్తిగా మరిచిపోయాను, ఎంతో తేలిగ్గా అనిపించింది." మరిచిపోతే మరిచిపోయావు. తేలిగ్గా అనిపించిందా?

ఇంట్లో నేనూ ఆ యాసలోనే మాట్లాడతాను. నా ఉత్తరాల్లోనూ అదే ఉంటుంది. బరువైతే చదవకు.

లియొంతీన్ రెయెల్


మాంట్రియల్
1969 జనవరి 8

అక్కా,

దాదాపు ఏడాది నువ్వు రాయలేదు, నేనూ రాయలేదు. ఇవాళ రాయకపోతే పిచ్చెక్కేలా ఉంది. కాగితం మీద సంతకం ఉంటే ఉండనీ.

ఇవాళ పొద్దున రేడియో భవనానికి వెళ్ళాను, ఒక ప్రకటన పని మీద. లిఫ్టు ఎక్కాను. నా వెనక ఒకావిడ ఎక్కి, "ఎన్నో అంతస్తమ్మా మీది?" అని అడిగింది.

అక్కా, అది నా గొంతు. సినిమాలో నా నోట్లోంచి వచ్చిన గొంతు. ఆ 'అమ్మా' అనే తీరు, చివర్లో సాగదీయడం, అన్నీ అవే. యాభై ఏళ్ళుంటాయి, పొట్టి మనిషి, చేతిలో కూరగాయల సంచి. నన్ను చూడగానే గుర్తుపట్టింది. "అయ్యో, మీరా! మీతో నాకు ఎంత కష్టమైందో తెలుసా? మీ పెదాలు ఎంత గబగబా కదులుతాయండీ! ఆ బూట్ల మాట దగ్గర పదిహేడుసార్లు చెప్పాను" అంది. చాలా మంచావిడ. ప్యారిస్‌లో నటన నేర్చుకుని వచ్చి రేడియో నాటకాలు వేస్తుందట. నా చేయి పట్టుకుని, "మీరు అక్కడ కోపంగా ఉన్నారని నాకు అనిపించింది. ప్రార్థన చేసినట్టు చెప్పమని వాళ్ళు అన్నారు" అంది.

నీకు తెలుసనుకున్నాను అక్కా. వినగానే తెలిసిపోయుంటుందనుకున్నాను. సినిమా మొత్తం నేను మన యాసలోనే చెప్పాను, అమ్మ తిట్టినట్టే తిట్టాను. కెమెరా పక్కన గోతియే కళ్ళు తుడుచుకున్నాడు. ప్యారిస్ నిర్మాతలు అది చూసి, మాకు ఒక్క ముక్క అర్థం కాదు అని, నా గొంతు తీసేసి ఆవిడ గొంతు పెట్టారు. డబ్బింగ్ అంటారు. నేను ఒప్పుకుంటూ సంతకం పెట్టాను, లేకపోతే సినిమా పెట్టెలోనే ఉండిపోతుందన్నారు. ఆ పత్రికలో మాట నేను అనలేదు. వాళ్ళే రాసుకున్నారు. నేను అది చదవను కూడా చదవలేదు, నీ ఉత్తరం చూసి కొనుక్కున్నాను. అప్పటికి నువ్వు సంతకంలో ఇంటిపేరు కూడా రాసేశావు. ఇక నేనేం చెప్పినా నమ్మవనుకున్నాను.

అమ్మ మాటలు నీ అనుమతి లేకుండా వాడాను. అది మాత్రం నా తప్పే.

నోయెలా


లాన్స్ బ్లాంష్
1969 జనవరి 19

ఒసే పిచ్చిదానా,

పద్నాలుగు నెలలు! పద్నాలుగు నెలలు నేను కూరగాయల సంచి మోసుకునే ఒక పాపం మనిషిని తిట్టుకుంటూ బతికాను! ఆవిడకి ఎన్ని ఎక్కిళ్ళు వచ్చాయో ఏమో.

సినిమాలో ఒకరి నోట్లో ఇంకొకరి గొంతు పెట్టొచ్చని నాకెలా తెలుస్తుందే? చేపకి ఇంకో చేప తల అతికిస్తారని ఎవరైనా అనుకుంటారా? "వాళ్ళు తీసేసుకున్నారు" అని రాస్తే, అమ్మ మాటల్ని అనుకున్నాను. గొంతుని అని రాయొచ్చు కదా, ఒక్క మాట ఎక్కువయ్యేది.

నేనూ ఒకటి ఒప్పుకోవాలి. సినిమా అయిన మర్నాడు ఫ్యాక్టరీలో అందరూ అడుగుతుంటే తల కొట్టేసినట్టయింది. నోయెలాకి గొంతులో జబ్బు చేసింది, పాపం డాక్టర్లు కోశారు, అందుకే అలా మాట్లాడుతోంది అని చెప్పాను. బెర్తా నమ్మింది. నీకోసం దేవదారు బంక పాకం కాచి, సీసాలో పోసి తెచ్చిచ్చింది. అది బీరువాలో పెట్టాను. తీసినప్పుడల్లా నిన్ను తిట్టుకున్నాను. ఇవాళ బెర్తాకి నిజం చెప్పేశాను. మొదట పాకం వృథా అయిందని కోప్పడింది. తర్వాత వంటింటి బల్ల మీద కత్తి పెట్టేసి, "ఆ ప్యారిస్ వాళ్ళని ఒక్కసారి ఇక్కడికి రమ్మను, మన మాట అర్థమయ్యేలా చెబుతాను" అంది.

అమ్మ మాటల సంగతి. నువ్వు అమ్మ తిట్టినట్టే తిట్టానన్నావు. అయితే నాకు కోపం లేదు. అమ్మకీ ఉండదు.

కోటు మళ్ళీ పంపు.

అక్క


మాంట్రియల్
1970 మార్చి 2

అక్కా,

ఈ చలికాలమూ ఆ కోటే వేసుకున్నందుకు సంతోషం. మోచేతుల దగ్గర బిగువుంటే విప్పి కుట్టించుకో.

ఒక సంకటంలో ఉన్నాను. ప్యారిస్ వాళ్ళు మళ్ళీ పిలిచారు. పెద్ద సినిమా, పెద్ద హీరో, మళ్ళీ అదే కూరగాయల సంచి ఆవిడ గొంతు. ఇంకోవైపు ఇక్కడే ఫెర్నాన్ లెబెల్ అనే కుర్ర దర్శకుడు. వాడి దగ్గర అరువు కెమెరా తప్ప ఏమీ లేదు. హోటల్లో దుప్పట్లు ఉతికే మనిషి కథ. తీరం నుంచి పట్నానికి వచ్చి, మాట్లాడేవాళ్ళు లేక బట్టలతో మాట్లాడుకునే మనిషి. గొంతు నాదే ఉండాలని వాడు కాగితం మీద రాసిచ్చాడు.

లెబెల్‌కే సరేనన్నాను. మేడమ్ నన్ను ఏజెన్సీ నుంచి తీసేసింది. "ఇరవై ఎనిమిదేళ్ళు వచ్చాయి, ఎలాగూ క్యాటలాగ్‌కి ఇంకో ఏడాదే" అంది.

అదికాదు సంకటం. నిన్న మొదటిసారి చదివాం. నోరు తెరిచాను. రాలేదు అక్కా. మన యాస రాలేదు. మధ్యలో ఆ ఒక్క సినిమా తప్ప ఎనిమిదేళ్ళు తలాడించి తలాడించి, పోయింది. ప్యారిస్ మాటా కాదు, మన మాటా కాదు, మధ్యలో ఏదో. లెబెల్ చూపు దించుకున్నాడు. ఆ పత్రికలో నా పేరుతో రాసిన అబద్ధం చివరికి నిజమే అయ్యింది.

ఏం చేయను?

నోయెలా


లాన్స్ బ్లాంష్
1970 మార్చి 10

నోయెలా,

మే నెల ఆఖరికి చేపలు మొదలవుతాయి. బల్ల దగ్గర మనుషులు చాలరు. మేస్త్రీతో మాట్లాడాను, నిన్ను మూడు వారాలు తీసుకుంటాడు. కత్తి నా దగ్గరుంది, బూట్లు బెర్తా ఇస్తుంది.

సినిమా కోసమని ఎవరికీ చెప్పకు. చెప్తే అందరూ నీ ముందు అందంగా మాట్లాడతారు.

అక్క


మాంట్రియల్
1970 జులై 5

అక్కా,

నిన్న షూటింగ్ మొదలైంది. మొదటి మాట చెప్పగానే లెబెల్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "ఎక్కడికెళ్ళి తెచ్చుకున్నావు?" అని అడిగాడు. చేపల బల్ల దగ్గర తిట్లు తిని తెచ్చుకున్నానన్నాను.

నిజంగానే. మొదటి వారం మీరెవరూ నాతో సరిగ్గా మాట్లాడలేదు. "అమ్మగారూ, చేప ఇటు తిప్పుతారా?" అని బెర్తా చేసిన వెటకారానికి రాత్రి మంచం మీద ఏడ్చాను, నీకు తెలియదు. తొమ్మిదో రోజు కత్తి జారి నా వేలు తెగినప్పుడు, నాకు తెలియకుండానే నోట్లోంచి ఒక తిట్టు వచ్చింది. అమ్మ తిట్టు. బల్లంతా ఆగిపోయింది. బెర్తా తలెత్తి, "అదిగో, వచ్చింది మన పిల్ల" అంది. అప్పట్నించి నోరు మూయమన్నా మూయలేదు కదా నేను.

వేలి మీద మచ్చ ఉండిపోయింది. చేతి తొడుగుల ప్రకటన ఒకటి ఉండేది, అదీ పోయింది. పోనీ.

లెబెల్‌కి ఆ మచ్చ నచ్చింది. దగ్గర్నించి తీస్తున్నాడు.

నీ
నోయెలా


లాన్స్ బ్లాంష్
1971 నవంబరు 15

నోయెలా,

మాంట్రియల్ పత్రికల్లో ఒకాయన, ఈ సినిమాకి కింద అక్షరాలు వేస్తేగానీ అర్థం కాదని రాశాడని నువ్వు బాధపడ్డావు. రెండు వారాలకే అక్కడ ఎత్తేశారని కూడా రాశావు. అందుకే ఇక్కడ వేసినప్పుడు రానన్నావు. నేనూ బలవంతం చెయ్యలేదు. రావాల్సింది. జరిగింది చెబుతాను విను.

నిన్న సాయంత్రం, అదే చర్చి హాలు. వాన. పదిమంది కూడా రారనుకున్నాను, కుర్చీలు చాలలేదు. ఈసారి ముందు వరస వద్దన్నాను, మధ్యలో బెర్తా పక్కన కూర్చున్నాను.

నువ్వు మొదటి మాట మాట్లాడగానే హాల్లో ఎవరో "హమ్మయ్య" అన్నారు. ఎవరో తెలియదు, నేనేనేమో. తర్వాత అంతా సద్దుమణిగింది. నవ్వాల్సిన చోట నవ్వారు, మాంట్రియల్ వాళ్ళు నవ్వి ఉండని చోట కూడా నవ్వారు. ఫాదర్ వెనక నిలబడి చూశాడు, ముసలాయన, కుర్చీ ఇస్తే కూర్చోలేదు.

ఆఖర్లో నువ్వు ఉతికే గదిలో ఒక్కదానివే దుప్పటి మడతపెడుతూ, కిటికీలోంచి మంచు చూస్తావు చూడు. ఎవరితోనూ కాదు, ఊరికే అంటావు: "ఇంత మంచులో మావాళ్ళు బట్టలెక్కడ ఆరేసుకుంటున్నారో."

నా పక్క నుంచి బెర్తా, "ఎక్కడేస్తామే, వంటింట్లోనే, పొయ్యి పైన" అంది.

గట్టిగానే అంది. హాలంతా విన్నారు. ఒక్కరూ నవ్వలేదు. ఊరుకోమని ఎవరూ కసురుకోలేదు. వెనక నుంచి ఇంకొకావిడ, "మా ఇంట్లో పై గదిలో తాడు కట్టామమ్మా" అంది. సినిమాతో మాట్లాడుతున్నామని వాళ్ళకి తట్టనే లేదు నోయెలా. నువ్వు అడిగావు, వాళ్ళు చెప్పారు.

నువ్వేమో అక్కడ చేతిలో దుప్పటి పట్టుకుని ఒక్క క్షణం ఆగావు. లెబెల్ ఆగమన్నాడో, నువ్వే ఆగావో నాకు తెలియదు. అందరం చెప్పడం అయ్యేదాకా ఆగి, అప్పుడు మడత పూర్తి చేశావు.

అక్క
లియొంతీన్